రుమాల్లో ప్రసాదం

ఆ ఏడు కార్తీకంలో మా వదిన ముప్పైమూడు కోట్ల దేవుళ్లకీ ఒకేసారి ఉపవాసాలు మొదలుపెట్టింది. సోమవారం శివుడికి, మంగళవారం మోపిదేవి సుబ్బారాయుడికి, శనివారం వెంకటేశ్వరస్వామికి. మిగతా వారాలు ఊరికే పోవడం ఇష్టంలేక, ఇంకా గుడి కట్టని దేవుళ్లకి రిజర్వు చేసింది. మా ఇంట్లో బియ్యం బస్తా తరగడం మానేసి పిల్లలు పెడుతోంది.

ఇవన్నీ నేను చెప్పిన మాటలే. పెడన పక్కన మా గూడూరు సెంటర్లో టీ కొట్టు దగ్గర చెప్పాను, వ్యాన్లో మైకు పట్టుకుని చెప్పాను. అందరూ నవ్వారు. అందరికంటే వదిన ఎక్కువ నవ్వింది. ఆమెకి ముద్ద గొంతు దిగడం లేదని అప్పటికి మా ఇంట్లో ఎవరికీ తెలియదు. ఇంట్లో అంటే ఎంతోమంది లేరు. మధు అన్నయ్య, ఇందిర వదిన, నేను.

అన్నయ్యకి ఒక వ్యాన్ ఉంది. రోజూ స్కూలు పిల్లల్ని తిప్పుతుంది. ఆదివారాలు ఖాళీ. 'గుళ్లూ రుచులూ' అని పేరు పెట్టి ఆదివారాలు జనాన్ని పాత గుళ్లకి తిప్పుదాం, దారిలో మన వైపు తప్ప ఇంకెక్కడా దొరకని తిండి పెడదాం అన్నది నా ఆలోచన. ఘంటసాల, దాని పక్కనే ఉన్న మన కృష్ణా ఒడ్డు శ్రీకాకుళం, మోపిదేవి చూసుకుంటూ దివిసీమలోకి దిగి, హంసలదీవి దగ్గర సముద్రానికి దండం పెట్టుకుని వెనక్కి రావడం. అన్నయ్య నడుపుతాడు, నేను కథలు చెప్తాను, వదిన వండుతుంది. అన్నయ్య ట్రిప్పు మొత్తమ్మీద ఒకటే మాట మాట్లాడేవాడు. బండి కదిలే ముందు అద్దంలోకి చూసి, "అందరూ ఎక్కారా?" అని.

"ఎక్కారన్నయ్యా. దేవుడొక్కడే ఫుట్‌బోర్డు మీదున్నాడు," అనేవాణ్ణి నేను.

పెళ్లయి ఇన్నేళ్లలో వదిన చూసిన దూరదేశం బందరు. మా ఇంటి నుంచి ఆటోలో వెళ్లొచ్చు. అందుకని మొదటి ట్రిప్పు రోజు ఆమె కిటికీ పక్క సీటు ఎవరికీ ఇవ్వలేదు. గుడ్లవల్లేరులో కాలేజీ లెక్చరర్లు ఎక్కారు. వాళ్లే మా మొదటి బ్యాచ్, ఆ సీజన్ అంతా దాదాపు వాళ్లే. అందులో రాజేష్ గారని ఒకాయన, గుడి ముందు రెండు నిమిషాలు, కంచం ముందు రెండు గంటలు ఉండే భక్తుడు. హన్నా గారని ఒక మేడమ్, చర్చి అయ్యాక పరుగెత్తుకుంటూ వచ్చి ఎక్కేది. ఆమె గుళ్లోకి రాదు. బయట చెప్పుల దగ్గర కూర్చుని శిల్పాలు ఫొటోలు తీసుకునేది. పాత రాళ్లంటే పిచ్చి.

"మేడమ్, మీరుండగా చెప్పులు పోవు. మీకు జీతం ఇవ్వమని దేవస్థానం వాళ్లతో మాట్లాడతాను," అన్నాను.

"అడ్వాన్సు కూడా అడుగు," అంది ఆమె.

ఘంటసాలలో శివుడూ పార్వతీ ఒకే పీఠం మీద ఉంటారు. నేను మైకు అందుకున్నాను. "మిగతా ఊళ్లలో దేవుడిది ఒక గది, అమ్మవారిది ఒక గది. ఇక్కడ రెండువేల ఏళ్ల కిందటే స్థలాల రేట్లు పెరిగిపోయాయి. ఇద్దరూ సర్దుకున్నారు. ఇంతవరకూ ఒక్కసారి కూడా పోట్లాడుకోలేదు, ఎందుకంటే అలిగి వెళ్లిపోవడానికి రెండో గది లేదు."

వదిన కొంగు నోటికి అడ్డం పెట్టుకుని నవ్వుతోంది. గర్భగుడి ముందు అర్చకుడు తీర్థం పోస్తే అందరం తాగి తడిచెయ్యి తలకి రాసుకున్నాం. వదిన తీర్థమంతా తలమీదే పోసుకుంది.

"మా వదిన భక్తి జుట్టుకి పాకింది. తలనూనె ఖర్చు మిగిలింది," అన్నాను.

మధ్యాహ్నం ఒక మామిడితోటలో దిగి ఆకులేశాం. ఆ రోజు అవిసపువ్వు వేపుడు, కంద బచ్చలి కూర, ఉసిరికాయ పచ్చడి, చింతపండు పులిహోర. రాజేష్ గారు పులిహోర నోట్లో పెట్టుకుని కళ్లు మూసుకున్నారు.

"ఏవండీ, ఉప్పు ఇంత కరెక్టుగా ఎలా వేశారండీ ఇంతమందికి?"

అది నేను ఎదురుచూస్తున్న ప్రశ్న. "మా వదిన వండేటప్పుడు ఉప్పు చూడదు సార్. వాళ్ల పుట్టింట్లో ఏది వండినా ముందు దేవుడికి పెట్టాలి. మధ్యలో రుచి చూస్తే ఎంగిలి. ఆవిరి వాసన బట్టి చెప్పేస్తుంది. ఒకసారి పెడనలో ఎవరిదో పెళ్లి వంట, మా పెరట్లో నిలబడి వాసన చూసి, సాంబారులో రెండు గరిటెల ఉప్పు తగ్గిందని ఫోన్ చేసింది."

"నిజమేనాండీ?" అంది హన్నా గారు.

"రెండు గరిటెలు కాదండీ, ఒకటే," అంది వదిన.

అందరూ నవ్వారు. వడ్డించేవాళ్లు ఆఖర్న తింటారు. ఆఖరికి అందరూ చేతులు కడుక్కుని నీడలో నడుం వాల్చారు. వదిన గిన్నెలు సర్దింది. వండేటప్పుడు రుచి చూడని మనిషి, వడ్డించి ఆఖర్న తినే మనిషి, సగం రోజులు ఉపవాసముండే మనిషి. ఆమె తిన్నదో లేదో చూడాల్సిన అవసరం ఎవరికి వస్తుంది?

కార్తీకం వెళ్లింది. ఉపవాసాలు వెళ్లలేదు. మార్గశిర గురువారాలు లక్ష్మీదేవికి అంది. సుబ్బారాయుడి షష్ఠికి రెండు రోజుల ముందే మొదలుపెట్టింది. చెయ్యి గాజులకి సరిపోవడం మానేసింది. పని చేసుకునేటప్పుడు గాజుల్ని మోచేతి దాకా తోసుకునేది. ఒక పొద్దున పెరట్లో నూతిపళ్లెం దగ్గర కూర్చుని వాంతి చేసుకుంటుంటే పక్కింటి తాయారమ్మ గోడ మీంచి చూసింది.

"ఏంటి ఇందిరా, విశేషమా?"

వదిన మూతి తుడుచుకుని, బిందె ఎత్తుకుని లోపలికి వెళ్లింది. తాయారమ్మ గారి నోరు మా పంచాయతీ మైకు కంటే గట్టిది. మధ్యాహ్నానికి ఊరంతా తెలిసింది. మోపిదేవి సుబ్బారాయుడు ఇన్నేళ్లకి కరుణించాడు, ఆ మంగళవారాలన్నీ అందుకేనట. నేను టీ కొట్టు దగ్గర, పుట్టబోయేవాడు కడుపులోనే ఉపవాసముంటున్నాడు కాబట్టి పుట్టగానే సన్యాసం పుచ్చుకుంటాడని చెప్పాను.

అన్నయ్య సాయంత్రం స్కూలు ట్రిప్పు వేసి వచ్చి, డ్రైవరు సీటు పక్కనుంచి ఒక సంచీ తీసి వంటింటి గడప మీద పెట్టాడు. పచ్చి చింతకాయలు. చెట్టెక్కి కోసినట్టున్నాడు, చొక్కా భుజం దగ్గర చిరిగింది.

"దారిలో కనపడ్డాయి," అన్నాడు. అన్నయ్య రెండో మాట మాట్లాడటం నేను ఆ రోజే విన్నాను.

వదిన ఆ సంచీని రెండు చేతులా తీసుకుంది. ఒక కాయ తీసి కొంగుతో తుడిచి చాలాసేపు చేతిలో పట్టుకుంది. అన్నయ్య బయటికెళ్లి, కడిగిన వ్యాన్నే మళ్లీ కడుగుతూ ఈల వేశాడు. ఆయనకి ఈల వచ్చని మాకు తెలియదు.

ఆ ఆదివారం హంసలదీవి వెళ్లాం. నాగాయలంకలో చేపలు పట్టేవాళ్లింట్లో రాజేష్ గారి బ్యాచ్‌కి మడపీతల పులుసు చేయించాం, నీసు తిన్నవాళ్లకి గుడి బయటినుంచే దండం అన్న షరతు మీద. ఆయన ఒక పీత డెక్కతో యుద్ధం చేసి ఓడిపోయాడు. బయట తాటి టెంకలు కొట్టి బుర్రగుంజు తీస్తున్నారు. తెల్లగా దూదిలా ఉండే ఆ గుంజు వదినకి ప్రాణం. చిన్నప్పుడు దాని కోసం అన్నదమ్ములతో కొట్టుకునేదట. నేను ఒక టెంక పగలగొట్టించి ఇచ్చాను. "తర్వాత తింటాలే," అని కొంగున కట్టుకుంది.

హంసలదీవి వేణుగోపాలస్వామి గుడి దేవతలు ఒక్క రాత్రిలో కట్టారంటారు. తెల్లారి కోడి కూసేసరికి గోపురం సగంలో ఉంది. అక్కడే వదిలేసి వెళ్లిపోయారు. నేను గోపురం కింద నిలబడి మైకు లేకుండానే చెప్పాను. "ఆ కోడి వంశం ఇంకా ఉంది. రాజేష్ గారూ, పోయిన వారం అవనిగడ్డలో మీరు తిన్నది దాని మునిమనవరాలే. దేవతల పగ మీరు తీర్చారు."

"పుణ్యం ఎంతో కొంత నా ఖాతాలో వెయ్యండి," అన్నాడాయన.

గుళ్లో దర్శనం అయింది. తీర్థం వదిన తలమీదికి వెళ్లింది. బయటికొచ్చాక దొన్నెల్లో చక్కెరపొంగలి పెట్టారు. హన్నా గారికీ ఎవరో ఒక దొన్నె తెచ్చిచ్చారు. అక్కణ్ణుంచి పాలకాయతిప్ప బీచ్‌కి వెళ్లాం. అందరూ నీళ్లలోకి దిగారు. వదిన చీర కుచ్చిళ్లు పట్టుకుని అలల దగ్గర నిలబడింది. హన్నా గారు నా పక్కకి వచ్చి నిలబడింది.

"హేమంత్, నేను ప్రసాదం తినను. నీకు తెలుసుగా."

"తెలుసు మేడమ్. మీ వాటా అంతా రాజేష్ గారు తిని డబల్ భక్తుడు అయిపోతున్నారు."

ఆమె నవ్వలేదు. "తినను గాని వద్దని కూడా అనను. చిన్నప్పుడు మా వీధిలో అందరూ పెట్టేవాళ్లు. వద్దంటే వాళ్లు బాధపడతారని అమ్మ నేర్పింది. రెండు చేతులా తీసుకోవాలి, నోటిదాకా తీసుకెళ్లాలి, ఏదో ఒకటి మాట్లాడుతూ రుమాల్లో పెట్టేసుకోవాలి. అది నాకు బాగా వచ్చు. ఇంకొకరు చేస్తే ఇట్టే తెలిసిపోద్ది."

"ఎవరు చేశారు?"

"మీ వదిన. ఇవాళ చేశారు. పోయినసారి మోపిదేవిలో చేశారు. నాకంటే నీటుగా చేస్తున్నారు." ఆమె అలల వైపు చూసింది. "నాదంటే మతం. ఆవిడకేంటి?"

"ఉపవాసం మేడమ్."

"ఉపవాసమున్నవాళ్లు ప్రసాదం తినరా? పోనీ తీర్థం? ప్రతి గుళ్లోంచీ తడి తలతో వస్తున్నారు, ఒక్క చుక్క కూడా నోట్లోకి పోనివ్వట్లేదు హేమంత్. కడుపుతో ఉన్నారని అంటున్నారు. మా అక్కకి ఇద్దరు పిల్లలు. ఇలా ఉండదు."

అలలు వదిన పాదాల మీదికి వచ్చి పోతున్నాయి. ఆమె అటే చూస్తోంది, సముద్రాన్ని ఎవరైనా తీసుకెళ్లిపోతారేమో అన్నట్టు.

తిరిగొచ్చాక, చీకటి పడకముందే పెరట్లోకి వెళ్లాను. ప్రసాదాన్ని పారెయ్యరు, తొక్కనివ్వరు. చెట్టు మొదట్లో పెడతారు. మా కరివేపాకు చెట్టు దగ్గర చీమలు బారు కట్టాయి. కర్రతో కొంచెం మట్టి కదిపాను. ఎండిపోయిన పులిహోర మెతుకులు, చక్కెరపొంగలి, కొబ్బరిముక్క, ఒక అరటిపండు. మట్టి అంటని కొత్త బుర్రగుంజు. పక్కనే పచ్చి చింతకాయలు, ఒక్కటి కూడా కొరకనివి. దివిసీమ గుళ్లన్నీ ఆ చెట్టు ఒక్కటే దర్శించుకుంది.

వెనక నుంచి వదిన, "కదపకురా. చీమలు తింటున్నాయి," అంది.

"ఎప్పట్నుంచి వదినా?"

ఆమె నూతిపళ్లెం మీద కూర్చుంది. "శ్రావణంలో అన్నం అడ్డుపడేది. తర్వాత జావ. ఇప్పుడు మజ్జిగ కూడా ఒక్కోసారి వెనక్కి వచ్చేస్తోంది."

"చెప్పొచ్చుగా. బెజవాడ తీసుకెళ్లేవాళ్లం."

"మా అమ్మకీ ఇలాగే వచ్చింది." గొంతు బొంగురుగా ఉంది. మైకులో అరిచి అరిచి నాది కదా పోవాలి అనుకునేవాణ్ణి, ఆమెది ఎందుకు పోయిందో ఎప్పుడూ అడగలేదు. "అమ్మని బెజవాడ తిప్పారు, గుంటూరు తిప్పారు, హైదరాబాదు తీసుకెళ్లారు. మనిషి దక్కలేదనుకో. పోయే ముందు అడిగాను, హైదరాబాదు ఎట్టా ఉందే అమ్మా అని. మెట్లు ఎక్కువున్నాయే అంది. అంతే. ఆస్పత్రి మెట్లు తప్ప ఏమీ చూళ్లేదు."

నేను కర్ర పట్టుకుని ఆమె ఎదురుగా గొంతుక్కూర్చున్నాను.

"ఈలోపు నువ్వు ఈ ట్రిప్పులు పెట్టావు. కార్తీకం వెళ్లాక చెబుదాం అనుకున్నా. వెళ్లాక, షష్ఠి వెళ్లాక అనుకున్నా." ఆమె నా చేతిలో కర్ర తీసుకుని మట్టి మళ్లీ సర్దింది. "నీకు పుణ్యముంటుందిరా హేమంతూ. నువ్వు నవ్వించినంతసేపూ ఎవరూ నా కంచం వంక చూళ్లేదు."

అన్నయ్యకి నేనే చెప్పాను. వ్యాన్లో ఇసుక ఊడుస్తున్నాడు. మొత్తం విన్నాడు. చీపురు కింద పెట్టాడు.

"మరి ఆ చింతకాయలు?" అన్నాడు.

పుష్యమాసం అంతా బెజవాడలో గడిచింది. పెద్దడాక్టరు సినిమా హాలు తెరంత స్కానింగు వెలుగులో పెట్టి, అన్నవాహికలో క్యాన్సర్ అన్నాడు, కాలేయం దాకా వెళ్లిందన్నాడు, కొన్ని నెలల ముందు వచ్చుంటే అన్నాడు. ఆ వాక్యం పూర్తి చెయ్యలేదు. అన్నయ్య అది పూర్తవుతుందని కుర్చీలో అలాగే కూర్చున్నాడు. కాసేపటికి నర్సమ్మ వచ్చి, ఇంకో పేషెంటు ఉన్నారండీ అంది. కడుపుకి చిన్న రంధ్రం చేసి గొట్టం పెట్టారు. ఆకలి కోసం, రోగం కోసం కాదన్నారు. గొట్టంలో పాలు, పిండి కలిపిన జావ పొయ్యాలి. ఇంటికొచ్చాక మొదటిసారి నేను చుక్క చుక్కగా పోశాను.

"మోపిదేవిలో పుట్టలో పాలు పోస్తున్నట్టుందిరా," అంది వదిన. "కోరిక కోరుకో."

ఆ సీజన్లో మా ఇంట్లో ఎవరైనా వేసిన జోకుల్లో అదే మంచిది. నేను నవ్వలేకపోయాను.

తర్వాత వంట నేను మొదలుపెట్టాను. ఆమె మంచం వంటింటి గుమ్మానికి ఎదురుగా వేశాం. పప్పు పొంగుతుంటే అక్కణ్ణుంచే ముక్కు ఎగబీల్చి, "ఇంకొంచెం ఉప్పు," అనేది. అన్నయ్యా నేనూ తినేటప్పుడు గోడవైపు తిరిగి పడుకునేది. నిద్రపోయినట్టు చేసేది. మేం నమ్మినట్టు చేసేవాళ్లం. అన్నం సగంలో ఆపి లేస్తే, "మొత్తం తినండి," అని గోడవైపు నుంచే వినిపించేది.

మాఘ పౌర్ణమికి హంసలదీవి తీసుకెళ్లమంది. ఆ రోజు సముద్రస్నానాలకి దివిసీమంతా అక్కడే ఉంటుంది. డాక్టరు వద్దన్నాడు. అన్నయ్య ఆ మాట వినిపించుకోలేదు. వ్యాన్లో వెనక సీట్లు విప్పి పరుపు వేశాడు. కిటికీ వైపు తలగడ. గుడ్లవల్లేరు నుంచి హన్నా గారు ముందు రోజే మా ఇంటికి వచ్చింది. బండి కదిలే ముందు అన్నయ్య అద్దంలోకి చూశాడు. మేం నలుగురమే.

"అందరూ ఎక్కారా?"

"ఎక్కారు," అన్నాను.

గోపురం ఎదురుగా బండి ఆపాం. దిగే ఓపిక లేదామెకి. తలుపు పక్కకి లాగితే అక్కడికే గుడి కనపడింది. జనం తడిబట్టలతో పోతున్నారు. హన్నా గారు అలవాటుగా దిగి, వదిన చెప్పులు తీసి తన పక్కన పెట్టుకుని వ్యాన్ మెట్టు మీద కూర్చుంది. అన్నయ్య జనంలోకి వెళ్లి ప్రసాదం, తీర్థం తెచ్చాడు. తీర్థం ఉద్ధరిణితో కాదు, అర్చకుణ్ణి ఏమని బతిమాలాడో, చిన్న రాగిచెంబులో తెచ్చాడు. వదిన అరచెయ్యి పట్టింది. తలమీద పోసుకుంది. కొంచెం కళ్లలోకి కారింది, తుడుచుకోలేదు.

"ఆ కోడి కథ చెప్పు," అంది.

"ఎన్నిసార్లు విన్నావు?"

"చెప్పు."

చెప్పాను. దేవతలు రాత్రంతా రాళ్లు మోశారనీ, తెల్లారేలోపు అయిపోతుందనుకున్నారనీ చెప్పాను. కోడి కూసే దగ్గరికి వచ్చి ఆగిపోయాను.

"తర్వాత?" అంది.

"ఈసారి కోడి కాసేపు ఊరుకుందట వదినా."

ఆమె నా వైపు చూసింది. "అబద్ధాలకోరు," అంది, మెల్లిగా. తర్వాత దొన్నె నా చేతిలో పెట్టింది. "నా వాటా నువ్వు తిను. తిని ఎలా ఉందో చెప్పు."

పులిహోర. నేను ఒక ముద్ద నోట్లో పెట్టుకున్నాను. "వదినా, ఇది తింటే స్వర్గంలో దేవతలు క్యూలో నిలబడి..."

ఆమె వేలు ఎత్తింది. "ఉన్నదున్నట్టు చెప్పు."

నమిలాను. ఉప్పు తగ్గింది, పోపు కొంచెం మాడింది, చింతపండు పాతది. చెబుదామని మింగబోయాను. ముద్ద దిగలేదు. ఇంకోసారి మింగాను. గొంతు దగ్గరే ఉండిపోయింది. పక్కకి తిరిగి, జేబులోంచి రుమాలు తీశాను, చెమట తుడుచుకుంటున్నట్టు నోటిదాకా తీసుకెళ్లాను. మెట్టు మీద నుంచి హన్నా గారు చూసి తల దించుకుంది.

వదినా చూసింది. చెయ్యి చాపి, పరుపు పక్కనున్న నీళ్లసీసా నా వైపు నెట్టింది.

"నీళ్లు తాగరా," అంది. "దిగుద్ది."